ఏలూరు కాలవకు ఎగువా దిగువా పెరటి పాదులు

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో ఏ పెరట్లో ఏ కూరగాయ పండుతుందో చాలావరకు ఏలూరు కాలవే చెబుతుంది. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నీళ్ళు అందుకుని నిడదవోలు, గూడెం మీదుగా ఏలూరు చేరే ఈ కాలవ మెట్టకూ డెల్టాకూ సరిహద్దుగా పారుతుంది. దానికి ఉత్తరాన పెదవేగి, ద్వారకా తిరుమల, వెంకటరామన్నగూడెం వైపు ఎర్రనేల. పోసిన నీరు ఇట్టే ఇంకిపోతుంది, వేరుకు గాలి బాగా అందుతుంది, సారం మాత్రం నిలవదు. దక్షిణాన పెదపాడు, గణపవరం వైపు నల్లటి బంకమట్టి. వాన పడితే కాలికి అంటుకుంటుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. దానికీ దిగువన కొల్లేటి లంకలు. అక్కడ మట్టి పోసి మెరక చేసుకున్న ఇంటి స్థలమే పెరడు. ఒకే సంచీలోని విత్తనాన్ని ఒకే రోజున ఈ మూడు చోట్లా వేసినా మూడు చోట్లా పంట ఒక్కలా రాదు. కొత్తగా పాదులు పెట్టేవారికి ఎక్కడో అచ్చయిన సలహా కన్నా, అదే వీధిలో పదేళ్ళుగా కూర పండిస్తున్న పెరడు చూసి నేర్చుకున్నది ఎక్కువ పనికొస్తుంది.

మెట్ట పెరటికి కావలసింది తేమను పట్టి ఉంచే పదార్థం: మాగిన పశువుల ఎరువు, ఆకుల కంపోస్టు, కొబ్బరిపొట్టు. డెల్టా పెరటికి కావలసింది నీరు బయటికి పోయే దారి. బంకమట్టిలో లోతుగా గుంట తవ్వి పాదు పెడితే శ్రావణంలో ఆ గుంటలో నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది. అందుకే అక్కడ జానెడు ఎత్తున బోదె కట్టి, దాని మీద విత్తనం పెట్టాలి. గూడెం చుట్టుపక్కల బియ్యం మిల్లులు ఎక్కువ కనక ఊక బూడిదకు కొదవ లేదు. నల్లమట్టిలో కొద్దిగా కలిపితే నేల గుల్లబారుతుంది. దానిది క్షారగుణం కాబట్టి చౌడు తేలిన చోట వాడకూడదు. కాలవల్లో, మురుగు డ్రెయిన్లలో, కొల్లేటిలో పేరుకునే గుర్రపుడెక్క కూడా మంచి కంపోస్టు అవుతుంది. కోసి, ఎండబెట్టి, పేడతో పొరలు పొరలుగా పేర్చి మాగబెట్టాలి. అయితే ఆ మొక్క తానున్న నీటిలోని భారలోహాలను వేళ్ళలోకి పీల్చుకుంటుంది. ఫ్యాక్టరీ మురుగు కలిసే చోటి డెక్కను కూరమడికి తేవడం మంచిది కాదు.

నీటికీ ఒక క్యాలెండర్ ఉంది. వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో వదులుతారు. కాలవల్లో నీరున్నంత కాలం డెల్టా ఊళ్ళ నూతుల్లో నీరు పైపైనే ఉంటుంది. కాలవ ఎండగానే నుయ్యీ దిగిపోతుంది. అందువల్ల ఇక్కడి పెరళ్ళలో చైత్ర వైశాఖాల్లో పెద్ద పాదులు నిలబెట్టడానికి తాపత్రయపడటం దండగ. తోటకూర, గోంగూర, బచ్చలి లాంటి ఆకుకూరలు బియ్యం కడిగిన నీళ్ళతో, కూరగాయలు కడిగిన నీళ్ళతో ఆ రెండు నెలలు గట్టెక్కుతాయి. కొల్లేటి ఊళ్ళలోనూ, చేపలు ఎక్కువగా తినే ఇళ్ళలోనూ చేపలు కడిగిన నీళ్ళు ఆనపపాదు మొదట్లో పోయడం పాత అలవాటు. నత్రజని ఉన్న నీరు అది, పాదుకు బలమే. ఉప్పు రాసి కడిగిన నీళ్ళు మాత్రం పోయకూడదు.

విత్తే రోజులు కార్తెలను బట్టి నడుస్తాయి. రోహిణి ఎండల్లో నేల తయారుచేసుకుని, జూన్ మొదటి వారం చివర మృగశిర ప్రవేశించి రెండు వానలు పడ్డాక బీర, ఆనప, కాకర, పొట్ల, గుమ్మడి, బెండ విత్తనాలు నేరుగా నేలలో పెడతారు. వంగ, మిరప నారు కూడా అప్పుడే పోస్తారు. టమాటకు తొందర పనికిరాదు. రాత్రి వేడి ఇంచుమించు 24 డిగ్రీలు దాటితే టమాట పుప్పొడి సరిగా పనిచేయదు, పూత రాలిపోతుంది. ఏలూరులో వేసవి రాత్రులు అంతకన్నా వేడిగా ఉంటాయి కాబట్టే ఎంత ఎరువు వేసినా మే నెలలో కాయ నిలవదు. చల్లటి గుట్టల మీదున్న మదనపల్లె వేసవిలోనూ టమాట పంపగలగడానికి ఆ ఊరి ఎత్తే ముఖ్య కారణం. ఏలూరు పెరటిలో పుబ్బ, ఉత్తర కార్తెల్లో నారు పోసి చిత్తలో నాటితే ధనుర్మాసానికి కాయ చేతికొస్తుంది. అక్టోబరు, నవంబరు తుఫాను వానలకు నారు కొట్టుకుపోకుండా నారుకుండీలు చూరు కింద పెట్టుకుంటే చాలు.

కొన్ని పాదులు వేడిని కాదు, పగటి పొడవును చూసి పూస్తాయి. పందిరి చిక్కుడు అటువంటిది. మృగశిరలో పెట్టిన చిక్కుడు వానాకాలమంతా ఆకు వేస్తూ పందిరి కమ్ముకుంటుంది, ఒక్క పువ్వు వేయదు. పగళ్ళు పొట్టివయ్యాక కార్తికం నుంచి గుత్తులు వేయడం మొదలుపెట్టి, సంక్రాంతికి కూర ఇస్తుంది, రథసప్తమికి సూర్యరథం కట్టడానికి కాయా, పాయసం నైవేద్యం పెట్టడానికి ఆకూ ఇస్తుంది. ఆగస్టులో పూత లేదని తీగ పీకేసేవారు ఈ సంగతి తెలియకే పీకేస్తారు. గోంగూరదీ ఇదే స్వభావం. పగళ్ళు పొడుగ్గా ఉన్నంతకాలం లేత ఆకు వేస్తుంది. దసరా దాటితే పూతకొచ్చి కాడ ముదురుతుంది. అమెరికాలో న్యూజెర్సీ, మిషిగన్ వంటి చోట్ల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చలి వదలకముందే కిటికీ పక్కన కుండీల్లో గోంగూర మొలిపించి, మంచు భయం తీరాక మే నెలలో బయట నాటుతారు. ఆకు పుష్కలంగా కోసుకుంటారు. ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన పందిరి చిక్కుడు మాత్రం అక్కడి పొడుగు పగళ్ళకు పూయకుండా ఆకులకే పోయి, పూత మొదలయ్యేసరికి మంచు ముంచుకొస్తుంది. పగటి పొడవుతో పనిలేని కురచ రకాలు పెట్టుకోవడమే అక్కడ దారి.

విత్తనం ఇంట్లోనే కట్టుకోవడం ఈ ప్రాంతపు ఇళ్ళలో తరాలుగా ఉన్న పని. బీర, ఆనప కాయలను తీగ మీదే పూర్తిగా ఎండనిచ్చి, ఊపితే గలగలలాడేటప్పుడు కోస్తారు. వంకాయ పసుపు రంగుకు తిరిగి మెత్తబడేదాకా ఉంచాలి. టమాట గింజ చుట్టూ ఉండే జిగురు మొలకను ఆపుతుంది కాబట్టి, గుజ్జును ఒకటి రెండు రోజులు పులియనిచ్చి, కడిగి, నీడలో ఆరబెట్టాలి. పంటితో కొరికితే టక్కుమని విరిగేంత ఎండిన గింజను జల్లించిన బూడిదలో కలిపి, గాలి చొరని డబ్బాలో దాచాలి. కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ. కాగితం పొట్లంలో వదిలేసిన గింజ ఒక్క వానాకాలంలోనే మొలకశక్తి పోగొట్టుకుంటుంది. సంకర రకాల కాయ నుంచి తీసిన గింజ తల్లిలా కాయదు. పక్క పెరట్లో వేరే రకం ఆనప ఉంటే తేనెటీగలు, చిమ్మటలు పుప్పొడి కలిపేస్తాయి కనక, విత్తనానికి ఉంచే పువ్వును విచ్చుకోకముందే గుడ్డసంచీతో కట్టి, చేత్తో పుప్పొడి అద్ది, మళ్ళీ కట్టాలి. టమాట, చిక్కుడు చాలావరకు తమ పుప్పొడితోనే కాయ కడతాయి కాబట్టి వాటికి ఈ శ్రమ లేదు.

కొనే విత్తనంలో ప్రభుత్వ సంస్థల సూటి రకాలు పెరటికి మేలు. వాటి నుంచి మరుసటి ఏడాదికి మళ్ళీ విత్తనం తీసుకోవచ్చు. బెంగుళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ బెండలో పల్లాకు తెగులును తట్టుకునేలా అర్క అనామిక రకాన్ని రూపొందించింది. గుంటూరు లాం ఫారం నుంచి వచ్చిన జి-4 మిరప, అంటే భాగ్యలక్ష్మి, ఈ జిల్లాల్లో పాత పరిచయం. 2007లో ఏర్పడి, వెంకటరామన్నగూడెం కేంద్రంగా నడుస్తున్న ఉద్యాన విశ్వవిద్యాలయం, అక్కడి కృషి విజ్ఞాన కేంద్రం ఈ ప్రాంతపు పెరళ్ళకు అందుబాటులో ఉండటం పెద్ద సదుపాయం.

నారు పోసేది వంగ, టమాట, మిరప, క్యాబేజీలకే. తీగజాతుల వేరు కదిలిస్తే ఓర్చుకోదు. బెండ, చిక్కుళ్ళకూ నేరుగా విత్తడమే సరి. నారుమడి జానెడు ఎత్తుండాలి. గింజ తన మందానికి రెండు మూడింతలకు మించి లోతుకు పోకూడదు. వరుసల్లో విత్తి, మాగిన ఎరువు జల్లెడ పట్టి పైన పలచగా చల్లి, వరిగడ్డి కప్పి, రోజ్‌క్యాన్‌తో తడపాలి. టమాట అయిదారు రోజుల్లో, మిరప పది రోజుల లోపు తల ఎత్తుతాయి. మొలక కనబడిన సాయంత్రమే గడ్డి తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా నారు పాలిపోయి సన్నగా సాగుతుంది. చీమలు గింజలు మోసుకుపోకుండా మడి అంచున బూడిద చల్లుతారు. మొలక మొదట్లో నల్లబడి వాలిపోయే నారుకుళ్ళు తెగులు ఎక్కువ తడికీ ఒత్తుగా పోయడానికీ వస్తుంది. ట్రైకోడెర్మా విరిడి కలిపిన ఎరువు దాన్ని చాలావరకు ఆపుతుంది. టమాట నారు 25 నుంచి 30 రోజులకు, వంగ ఇంకో వారం ఆగి, మిరప 40 రోజుల లోపు నాటాలి. కాకర, పొట్ల గింజల పెంకు గట్టిది కనక రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొన కనబడ్డాక పెట్టాలి.

తీగ పందిరెక్కాక ఇంటివారిని కంగారు పెట్టేది కాయ కట్టకపోవడం. ముందు వచ్చేవన్నీ మగపూలే. పిందె అడుగున ఉన్న ఆడపూలు రెండు వారాల తర్వాత మొదలవుతాయి. ఆ తర్వాత కూడా కాయ నిలవకపోతే, పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో చూడాలి. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుంటుంది, దాని పని తేనెటీగలు ఉదయమే ముగిస్తాయి. బీర పొద్దు వాలాక పూస్తుంది. ఆనప సాయంత్రం విచ్చుకుని రాత్రంతా తెల్లగా తెరుచుకునే ఉంటుంది. పొట్ల పూసేది చీకటి పడే వేళకే. ఈ మూడింటికీ రాత్రి తిరిగే చిమ్మటలే ఎక్కువగా దిక్కు. పెరటి గోడ మీద తెల్లవార్లూ వెలిగే పెద్ద దీపం ఆ చిమ్మటలను పూల నుంచి తన వైపు లాక్కుంటుంది. దీపం ఆర్పినా, సాయంత్రం మగపువ్వు కోసి ఆడపువ్వు నడిబొడ్డున అద్దినా కాయ నిలుస్తుంది. పొట్లకాయ మెలికలు తిరగకుండా పిందె కొనకు చిన్న రాయి కట్టడం ఇప్పటికీ సరైన పద్ధతే. పందిరి వేయడానికి డెల్టాలో వెదురు, సరుగుడు వాడతారు. కొల్లేటి ఊళ్ళలో కిక్కిస కూడా దడికి పనికొస్తుంది.

నీడ ఉన్న పెరట్లో ఏమీ పండదనుకోవడం పొరపాటు. కొబ్బరిచెట్ల కింద కంద, చేమ, పెండలం హాయిగా పెరుగుతాయి. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర కంద దురద లేని రకం. ఎండాకాలం చివర అరకిలో ముక్క పాతితే ఎనిమిది నెలలకు దుంప తవ్వుకోవచ్చు. దడి మీద బచ్చలి తీగ ఒకటి ఉంటే గోదావరి జిల్లాల వారి కంద బచ్చలి కూరకు పెరటిలోనే సరుకు సిద్ధం. నూతి పళ్ళెం పక్క తడిలో పొన్నగంటికూర దానంతటదే విస్తరిస్తుంది.

కాకపోతే కొబ్బరి కింద ఒక చిక్కు కొత్తగా వచ్చింది. సర్పిలాకార తెల్లదోమ మనదేశంలో మొదట 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతంలో కనబడింది. త్వరలోనే గోదావరి జిల్లాల కొబ్బరిని పట్టుకుంది. అది విసర్జించే తేనె వంటి జిగురు కింది మొక్కల ఆకుల మీద పడి, దాని మీద నల్లటి మసిబూజు పెరుగుతుంది. ఆ మసి చూసి వంగకో బచ్చలికో రోగమొచ్చిందని మందు కొడితే ఫలితం లేదు. పైగా ఆ దోమ పిల్లలలో గుడ్లు పెట్టి చంపే ఎన్కార్సియా అనే సన్నటి పరాన్నజీవి కూడా చస్తుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఐసేరియా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందిస్తోంది. పెరటికి అది తగిన మందు. ఆకుల మీది మసిని గంజినీళ్ళు చల్లి వదిలించవచ్చు. ఎండాక పొరగా ఊడిపోతుంది.

మచ్చల పెంకుపురుగుల్లోనూ రెండు తెగలున్నాయి. నున్నగా మెరుస్తూ, తక్కువ మచ్చలతో చురుగ్గా తిరిగేది పేనుబంకను తినే నేస్తం. నూగుతో మసకగా, 12 లేక 28 మచ్చలతో వంగ ఆకును జల్లెడ చేసేది శత్రువు. దాన్ని చేత్తో ఏరి సబ్బునీళ్ళలో వేస్తే సరిపోతుంది. వంగకు అసలు పీడ కొమ్మ, కాయ తొలిచే పురుగు. బజారు వంకాయ మీద అన్ని మందులు పడటానికి ముఖ్య కారణం అదే. దాన్ని తట్టుకునేలా చేసిన బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం నిలిపివేసింది. పది వంగమొక్కలున్న పెరటికి ఆ వివాదంతో పనిలేదు. వాడిన కొమ్మను వాలిన చోటుకు అంగుళం కిందికి తుంచి కాల్చేయడం, పుచ్చు కాయలను నేల మీద వదలకపోవడం, అవసరమైతే లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి చొప్పున రాత్రంతా నానబెట్టిన కషాయం సాయంత్రం పూట చల్లడం, ఇంతే. బీర, కాకరలను కుళ్ళబెట్టే పండుఈగకు క్యూల్యూర్ ఎర పెట్టిన డబ్బా వేలాడదీయాలి. రాలిన కాయలు ఏరి లోతుగా పూడ్చాలి. వానాకాలంలో మునగ మానును గుంపుగా పట్టే గొంగళిపురుగులను పగలు అవి ఒకేచోట ముద్దగా ఉన్నప్పుడు కాగడాతో కాల్చడం పాత ఉపాయం.

పిట్టల సంగతికొస్తే, పసులపోలిగాడు, గోరింక, జెముడుకాకి ఈ పెరళ్ళకు జీతం లేని పనివాళ్ళు. జెముడుకాకి నత్తలనూ గొంగళిపురుగులనూ తింటుంది. పొదలు అన్నీ నరికేస్తే అది రాదు, దడి పక్కన ఒక మూల గుబురుగా వదిలేయాలి. తేనెపిట్ట పూల మీద వాలేటప్పుడే పిల్లల కోసం చిన్నచిన్న పురుగులనూ ఏరుకుంటుంది. రామచిలుక 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి. మిరపపండూ జామకాయా దానికి ప్రీతి. ఉడుత లేత బీరను కొరుకుతుంది. వీటికి మందు లేదు, ఉండకూడదు కూడా. కాయకు గుడ్డసంచీనో కాగితపు తొడుగో వేస్తే చాలు. నేలదాకా వేలాడే సన్నని నైలాన్ వల మాత్రం పెరటిలో వేయకూడదు. అందులో పిట్టలు చిక్కుతాయి, జెర్రిపోతు చిక్కి ఊపిరాడక చస్తుంది, ఎలుకలు మాత్రం కొరుక్కుని పోతాయి. మెట్ట ఊళ్ళలో కోతుల బెడద ఉన్నచోట పందిరి కూరగాయల మీద ఆశ తగ్గించుకుని కంద, చేమ, పసుపు, అల్లం పెట్టుకోవడం తెలివైన పని. వాటి జోలికి కోతులు పెద్దగా రావు.

కప్పలు రాత్రిపూట కాపలా కాస్తాయి. కప్పకాళ్ళను విదేశాలకు ఎగుమతి చేసిన రోజుల్లో పొలాల్లో కప్పలు బాగా తగ్గాయి. ఆ ఎగుమతిని 1987లో భారత ప్రభుత్వం నిషేధించింది. నూతి పళ్ళెం దగ్గర నీడలో ఒక పగిలిన కుండ బోర్లించి పెడితే వేసవిలో కప్పకు అదే ఇల్లు. పందికొక్కులు మాత్రం డెల్టా పెరటికి పెద్ద శత్రువులు. కంద దుంపలను భూమిలోనే తినేస్తాయి, గట్లను తొలుస్తాయి. వాటిని పట్టే ప్రాణి జెర్రిపోతు. దానికి విషం లేదు.

కొల్లేటి దగ్గర పెరటికీ ఈ ప్రాణులకూ ఉన్న ముడి ఇంకా తేటగా కనబడుతుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వరదనంతా పట్టి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే సరస్సు అది. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు కూడా చివరికి ఇక్కడికే చేరింది. నీరు పెరిగినప్పుడు పల్లంలోని ఎలుకలు, పాములు, కప్పలు అన్నీ ఇళ్ళున్న మెరకకే వస్తాయి. అలాంటి ఊళ్ళలో కూరగాయలను సంచుల్లో, పాత డ్రమ్ముల్లో ఎత్తున పెంచడం, ఆనప, గుమ్మడి తీగలను కప్పు మీదికి పాకించడం, విత్తనాల డబ్బాను అటక మీద ఉంచడం ముందుచూపు. ఆటపాక దగ్గర గూడబాతులను చూడటానికి వచ్చేవారికి కనిపించేది సరస్సు మాత్రమే. లంకల్లో ఉండేవారికి దాని పోటూ పాటూ పెరటిదాకా తెలుస్తాయి. వేసవిలో ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నే ఊళ్ళలో నూతి నీరు రుచి చూడకుండా పాదులకు పోయకూడదు. ఉప్పగా ఉంటే చిక్కుడు మొదట మాడుతుంది, పాలకూర, దుంపబచ్చలి కొంత తట్టుకుంటాయి.

పెరట్లో పాముల భయం నిజమైనదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఈ ప్రాంతంలో ఉన్నాయి. గడ్డివాము, కట్టెల మోపు, కంపోస్టు గుంట ఇంటి గోడకు దూరంగా ఉండాలి. చీకటి పడ్డాక బీరపువ్వుకు పుప్పొడి అద్దడానికి వెళ్ళినా టార్చిలైటు, కాలికి చెప్పులు తప్పనిసరి. గడ్డి పరిచిన మడిలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపాలి. పామును చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చంపబోయి కాటుకు గురయ్యేవారూ ఉంటారు. కాటు పడితే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు, నాటువైద్యం పేరుతో గంటలు పోగొట్టకూడదు. కాటుపడ్డ చేయో కాలో కదలకుండా ఉంచి, వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు.